అటక మీది స్పీకర్లు

ఈసారి దసరాకి ఇంటికెళ్ళేసరికి అమ్మ అటక సర్దించే పనిలో ఉంది. మా ఇంట్లో అటక సర్దడం అంటే నేను నిచ్చెనెక్కి ఒక్కొక్కటీ కిందికి అందించడం, అమ్మ "ఇది పారేద్దాం" అనడం, నాన్నగారు "ఉంచు, ఎప్పుడైనా పనికొస్తుంది" అనడం, చివరికి నేనే అన్నీ మళ్ళీ పైకెక్కించడం. ప్రతి ఏడూ ఇదే తంతు. హైదరాబాదులో నేనెంత పెద్ద టీమ్‌ లీడ్‌నైనా, మా ఊళ్ళో నా హోదా అటక ఎక్కే కుర్రాడే.

ఆ వరసలో ఓ అట్టపెట్టె దిగింది. లోపల నా కంప్యూటర్ స్పీకర్లు. 2014లో బీటెక్‌లో చేరినప్పుడు అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌తో పాటు కొన్నవి. నల్ల ప్లాస్టిక్, ముందు జల్లెడ లాంటి ఇనప మూత, కుడి దానికి వాల్యూమ్ మీట, ఎడమ దానికి ఏమీ లేదు. డెస్క్‌టాప్ ఎప్పుడో పోయింది. ఇవి మాత్రం బాగానే ఉన్నాయి. అమ్మ వాటిని చూడగానే "పాత సామాన్లవాడు రేపు వస్తాడు, పక్కన పెట్టు" అంది. నాన్నగారు ఎప్పటిలా "ఉంచు" అనలేదు. ఇంకో మాటన్నారు.

"ఒరే, అవి హాల్లో స్టీరియోకి తగిలించు. దాని పెట్టెలు పోయాయి. మాటలు రావట్లేదు."

నాకు నవ్వొచ్చింది. హాల్లో ఉన్న ఆ పెట్టెలు ఒక్కోటి మోకాలెత్తు ఉంటాయి. ఆంప్లిఫయర్ వెనక ఛానల్‌కి 40 వాట్లు అని రాసి ఉంటుంది. ఈ ప్లాస్టిక్ డబ్బాలు ఒక్కోటి మహా అయితే మూడు వాట్లు. ఏనుగు పోయిందని దాని చోట మేకపిల్లని కట్టినట్టు ఉంటుంది. కానీ నాన్నగారు ఒక వస్తువు కోసం నోరు తెరిచి అడగడం అరుదు. సరే అన్నాను.

ఆ స్టీరియో గురించి కాస్త చెప్పాలి. అది మా మేనత్త కువైట్ నుంచి పంపింది. మా కోనసీమ వైపు, అవతల పశ్చిమ గోదావరి వైపు, గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్ళిన ఆడవాళ్ళు లేని ఊరు వెతికినా దొరకదు. అత్త 1988లో మొదటిసారి వెళ్ళింది. రెండేళ్ళు తిరక్కుండానే, 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. ఆ తర్వాత లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవాళ్ళని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో బొంబాయి చేర్చారు కదా, అందులో మా అత్త ఒకత్తె. ఒంటి మీది చీరతో, ఒక చేతిసంచితో ఊరికొచ్చిందట. అప్పులవాళ్ళు ఊరుకుంటారా? 1992లో మళ్ళీ వెళ్ళింది. ఈసారి మంచి ఇల్లు దొరికింది. వాళ్ళు కొత్త స్టీరియో కొనుక్కుంటూ పాతది తీసుకెళ్ళమంటే, అత్త దాన్ని కార్గోలో వేసి 1996లో తమ్ముడికి పంపింది. ఆంప్లిఫయర్ వేరు, రేడియో వేరు, రెండు క్యాసెట్ల డెక్ వేరు, రెండు బాక్సులు. జపాన్ సరుకు. అక్కడా 240 వోల్టులే కాబట్టి కరెంటు ఇబ్బంది లేదు గానీ, ప్లగ్గుకి మూడు చదరపు పిన్నులు. అది మన గోడకి పట్టదు. నాన్నగారు దాన్ని కోసి మన గుండ్రటి పిన్ను ప్లగ్గు బిగించారు. కోసేసిన ఆ ప్లగ్గు కూడా ఇంకా అటక మీదే ఉంది, పనికొస్తుందని :)

అది వచ్చి నెల తిరక్కుండానే నవంబరు 6 తుఫాను. కోనసీమలో ఆ తేదీ చెబితే చాలు, ఏడాది చెప్పక్కర్లేదు. ఇంటి పైకప్పు సగం లేచిపోతే నాన్నగారు ముందు స్టీరియోని యూరియా సంచుల్లో చుట్టి మంచం కింద పెట్టారని, ఆ తర్వాతే తన గురించి అడిగారని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. నేను అప్పటికి పుట్టలేదు, కాబట్టి ఇందులో తీర్పు చెప్పను.

అత్త ఉత్తరాలు రాసేది కాదు. రాయడం రాదు. క్యాసెట్లలో మాట్లాడి పంపేది. గల్ఫ్‌కి వెళ్ళిన మనిషి ఉన్న ఇళ్ళల్లో ఇది అప్పట్లో మామూలే. ఫోన్ ఖరీదు, ఉత్తరం రాయించాలంటే ఇంకొకరికి మన కష్టం చెప్పుకోవాలి. అదే క్యాసెట్టైతే అరవై నిమిషాలు నీ ఇష్టం. ఊరికెళ్ళేవాళ్ళ చేతికిస్తే సరిపోయె. అలాంటివి మా ఇంట్లో పదకొండు ఉన్నాయి, బీరువాలో, పట్టుచీరల పక్కన. అత్త 2011లో పోయింది. అప్పటినుంచి ఏడాదికోసారి, ఆవిడ పోయిన తిథినాడు, నాన్నగారు ఒక క్యాసెట్టు పెట్టుకుని వింటారు. ఈ మధ్య కొన్నేళ్ళుగా పెట్టడం, రెండు నిమిషాలు విని ఆపేయడం.

"అరిగిపోయినై. గొంతు వస్తోంది గానీ మాట రావట్లేదు" అని.

అదీ సంగతి. స్పీకర్లు తగిలించమన్నది పాటల కోసం కాదు.

నేను చదివింది ఈసీఈ, చేస్తున్నది జావా. అయినా ఇంట్లోవాళ్ళ దృష్టిలో కరెంటుతో నడిచే ప్రతిదానికీ నేనే డాక్టరుని. ముందు డెక్ విప్పాను. రబ్బరు బెల్టులు సాగిపోయాయేమో అన్న అనుమానం. ఏడాది కిందటే కోఠీ గుజరాతీ గల్లీలో తెచ్చి మార్చినవి, బాగానే ఉన్నాయి. హెడ్డు మీద గోధుమ రంగు తుప్పులాంటి పొడి ఉంటే, దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిచాను. క్యాసెట్టు పెట్టి, లాప్‌టాప్‌లోకి రికార్డు చేసి, హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. సన్నటి సర్రుమనే శబ్దం వెనక అత్త గొంతు స్పష్టంగా, ప్రతి మాటా వినిపిస్తోంది. క్యాసెట్టు అరగలేదు.

తర్వాత బాక్సులు. హాల్లో నిలబడి విన్నాను. బేస్ కాస్త ఎక్కువే గానీ మాట తెలుస్తోంది. పెట్టెలు పోలేదు.

నాకు అక్కడే అర్థమై ఉండాల్సింది. నిజం చెప్పొద్దూ, కొంచెం అర్థమైంది కూడా. కానీ "నాన్నా, పోయింది పెట్టెలు కాదు" అని ఎవరంటారు? అమ్మ అయితే అప్పుడప్పుడూ విసుక్కుని, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అనేస్తుంది. "పాలు పొంగుతున్నాయి చూడండి" అంటే "కాలు బాగానే ఉందే" అన్నారట ఓసారి. మేమంతా నవ్వాం. ఆయన కూడా నవ్వారు. ఇంకో వాదన కూడా ఉంది మా ఇంట్లో, "ఫోన్లో అన్నీ బాగానే వినపడతాయిగా, ఇంట్లో మనం పిలిస్తేనే వినపడదు" అని. ఆ వాదన నేనూ నమ్మాను చాలాకాలం.

సరే, పనిలోకి వద్దాం. ఇక్కడ నా ఘనకార్యం ఒకటి ఒప్పుకోవాలి.

స్పీకర్ల పిన్ను స్టీరియోలో పట్టే చోటు పైకి కనపడలేదు. హెడ్‌ఫోన్ జాకు పెద్ద సైజుది, పైగా అందులో ఏదైనా పెడితే పెద్ద బాక్సులు ఆగిపోతాయి. నాకు రెండూ మోగాలి. అందుకని వైరు కోసి, ఎడమ స్పీకరుకి పోయే తీగని మాత్రం ఆంప్లిఫయర్ వెనక ఎడమ బాక్సు బిగించే ఎరుపు నలుపు టెర్మినల్స్‌కి చుట్టాను. "ముందు ఒక ఛానల్ మీద చూద్దాం" అనుకోవడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. పాట పెట్టి వాల్యూమ్ సగానికి తిప్పాను. కంప్యూటర్ స్పీకరు గొంతు చించుకుంది. పగిలిన డప్పు మీద గులకరాళ్ళు పోసినట్టు. తగ్గిద్దాం అనుకునేలోపు కాలిన ప్లాస్టిక్ వాసన. ఎడమ స్పీకరు కాయిల్ హరీ అంది.

ఎందుకో మీకు తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. కంప్యూటర్ స్పీకర్లలో సొంత ఆంప్లిఫయర్ ఉంటుంది. దానికి కావలసింది చిన్న సిగ్నల్, ఎక్కువలో ఎక్కువ ఒక వోల్టు. స్టీరియో వెనక టెర్మినల్స్‌లో వచ్చేది అప్పటికే పెంచిన సిగ్నల్. 8 ఓమ్‌ల బాక్సులో 40 వాట్లు పోయాలంటే, 40ని 8తో గుణించి వర్గమూలం తీయండి, దాదాపు 18 వోల్టులు. పూర్తి వాల్యూమ్ దగ్గర అదీ లెక్క, సగంలో ఉన్నా ఈ బుల్లిదానికి కావలసినదానికి ఎన్నో రెట్లు. పెంచినదాన్ని మళ్ళీ పెంచమంటే అదేం చేస్తుంది? శిఖరాలు కోసేసి, ఉన్న శక్తంతా కాయిల్లోకి తోస్తుంది. ఇది ఇంజనీరింగ్ రెండో సంవత్సరం పాఠం. పరీక్ష రాసి పాసయ్యాను కూడా.

నాన్నగారు వాసన చూసి వచ్చారు. ఏమీ అనలేదు. "మైకు సెట్టు వాణ్ణి అడగకపోయావా" అన్నారు. బీటెక్ కొడుక్కి ఇంతకంటే ఏం కావాలి!

అడిగాను. మా ఊళ్ళో మైకు సెట్టు అద్దెకిచ్చే బాబాయి నా చిన్నప్పటినుంచీ ఉన్నాడు. పెళ్ళి, చావు, ఎన్నికలు, కనుమనాడు ప్రభల తీర్థం, ఏదైనా ఆయనే. దసరా కదా, అమ్మవారి పందిరి దగ్గరే ఉన్నాడు. పందిరి ముందు మనిషంత ఎత్తు నల్ల బాక్సులు, పక్కన కొబ్బరిచెట్టుకి కట్టిన పాత అల్యూమినియం హార్ను. నేను చెప్పిందంతా విని, నవ్వు ఆపుకుని ఒక ప్రశ్న వేశాడు.

"పంతులుగారి మాట ఊరికి వినపడాలంటే దేన్లో ఇస్తాను చెప్పు? ఈ పెట్టెల్లోనా, ఆ బూరాలోనా?"

"బూరాలోనేనండి."

"ఎందుకు?"

గట్టిగా ఉంటుంది కాబట్టి అన్నాను.

"గట్టిగా ఈ పెట్టెలే ఉంటాయి. గుండెలదురుతున్నాయి కదా! కాలవ అవతలికెళ్ళి నిలబడు. పెట్టె దబదబ వినపడద్ది, మాట వినపడదు. బూరాకి దబదబ లేదు. ఉన్నదంతా మాటే."

ఆయన చదివింది ఎనిమిదో తరగతి. నేను ఆ సాయంత్రం నిజంగానే కాలవ అవతలికి నడిచి వెళ్ళాను. మామిడి తోట దగ్గర నిలబడితే పెట్టెల్లోంచి నేల అదురు తప్ప ఏమీ లేదు. హార్నులోంచి మాత్రం పూజలో కూర్చోబోయే దంపతుల గోత్రనామాలు కూడా తెలుస్తున్నాయి.

అక్కడ నిలబడి ఉండగా ఒక్కొక్కటీ కలిశాయి. మన మాటలో అచ్చులు కింది పౌనఃపున్యాల్లో ఉంటాయి, వాటికి బలమెక్కువ. గొంతు ఎవరిదో, ఎంత గట్టిగా ఉందో చెప్పేవి అవే. మాట ఏమిటో తేల్చే హల్లులు, స, ష, త, క, ప లాంటివి, పై పౌనఃపున్యాల్లో, చాలా బలహీనంగా ఉంటాయి. వయసుతో పాటు ముందు పోయేది ఆ పైదే. అందుకే పెద్దవాళ్ళు "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు. పాలు, తాలు, కాలు, మూడూ "ఆలు" అయిపోతాయి. అప్పుడు వాల్యూమ్ పెంచితే ఏమవుతుంది? బేస్ పెరిగి ఆ కాస్త హల్లునీ కప్పేస్తుంది. ఫోను చూడండి, పాత టెలిఫోను లైన్లో పోయేది 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే. బేస్ లేదు. అయినా మాట తెలుస్తుంది. పైగా చెవికి ఆనించి ఉంటుంది. ఫోన్లో నాన్నగారికి ఎందుకు వినపడుతుందో, ఇంట్లో ఎందుకు వినపడదో ఇదీ కారణం. మేమన్నట్టు నిర్లక్ష్యం కాదు.

ఇంకొకటి. నాన్నగారు ముప్ఫై ఒక్క ఏళ్ళు రైసు మిల్లులో చేశారు. గుమస్తాగా చేరి, తర్వాత మిషన్ల దగ్గరే ఉండిపోయారు. చిన్నప్పుడు క్యారియర్ పట్టుకెళితే లోపల ఆయన చెప్పేది నాకు వినపడేది కాదు, పెదాలు చూసి అర్థం చేసుకోవాల్సి వచ్చేది. ఫ్యాక్టరీ నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ అని హద్దు ఉంటుంది. ఆ మిల్లులో ఎంత ఉండేదో ఎవరూ కొలవలేదు. చెవుల్లో పెట్టుకోవడానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అంత మోతలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకి ముందుగా దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల అని పుస్తకాలన్నీ చెబుతాయి. నా బీటెక్ ఫీజులు ఆ మిల్లులోంచే వచ్చాయి. ఇంక ఈ విషయం ఇక్కడితో ఆపుతాను.

అంటే నేను మేకపిల్ల అని వెక్కిరించిన ఆ మూడు వాట్ల స్పీకరే కావాలి ఆయనకి. అందులో బేస్ లేదు. సంగీతం తెలిసినవాడు విని ముఖం చిట్లించే ఆ కీచుగొంతే పని చేస్తుంది. అది హాలు చివర కాదు, కుర్చీ పక్కన ఉండాలి. పెద్ద బాక్సులు నాన్నగారి పడక్కుర్చీకి నాలుగు మీటర్ల దూరం. అరమీటరు దగ్గరికి తెస్తే ఎనిమిదో వంతు దూరం, ఆరుబయట అయితే 18 డెసిబెల్స్ తేడా. గదిలో అంత రాదు గానీ, గదిలో ఇంకో లాభం ఉంది. మా హాలు మొత్తం టైల్సు, కర్టెన్లు లేవు, ఒక్క మాటకి నాలుగు ప్రతిధ్వనులు. దగ్గరగా ఉంటే అవి కలిసేలోపే అసలు మాట చెవిలో పడుతుంది.

మర్నాడు ఆంప్లిఫయర్‌ని ముందుకి లాగి, టార్చి వేసి వెనక సరిగ్గా చూశాను. ముందే చూడాల్సింది. టేప్ 1, టేప్ 2 అని రెండు జతల సాకెట్లు. టేప్ 1కి డెక్ తగిలించి ఉంది. టేప్ 2 ఖాళీ. అక్కడి రికార్డ్ అవుట్‌లో వచ్చేది పెంచని చిన్న సిగ్నల్, కంప్యూటర్ స్పీకరుకి సరిగ్గా సరిపోయేది. ఇంకా మంచి సంగతి, అది వాల్యూమ్ మీటకి ముందునుంచే వస్తుంది. అంటే హాల్లో పెద్ద బాక్సుల వాల్యూమ్ అమ్మ ఎంతకి తగ్గించినా, సున్నా చేసినా, కుర్చీ పక్క స్పీకరు దాని సొంత మీట మీదే నడుస్తుంది. ఎన్నేళ్ళనుంచో మా ఇంట్లో నడుస్తున్న వాల్యూమ్ యుద్ధానికి 1990ల జపాన్ ఇంజనీరెవరో ఎప్పుడో సంధి రాసి పెట్టాడు, మేం చూసుకోలేదు.

ఒకటే చిక్కు. నా పుణ్యమా అని ఎడమ స్పీకరు లేదు. ఉన్న కుడిదానికి కుడి ఛానల్ ఒక్కటే ఇస్తే పాటల్లో సగం వాయిద్యాలు మాయమవుతాయి. ఘంటసాల పాటలకి ఫరవాలేదు, అవి మోనోనే. ఇళయరాజా దగ్గరికొస్తే ఇబ్బంది. రెండు ఛానళ్ళూ కలిపి ఒకటిగా ఇవ్వాలి. అలాగని రెండు తీగలూ నేరుగా మెలిపెట్టకూడదు, ఒక అవుట్‌పుట్ ఇంకోదాన్ని తోస్తుంది. ఒక్కో దాంట్లో ఒక వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ వేసి, రెండింటి అవతలి కొసలూ కలిపి అక్కడినుంచి స్పీకరుకి ఇవ్వాలి. రెసిస్టర్లు బాబాయి రేకుడబ్బాలో దొరికాయి. డబ్బులిస్తే తీసుకోలేదు. సోల్డరింగ్ ఐరన్ కూడా ఆయనదే.

బిగించగానే గుయ్యిమని హోరు. పిన్ను మీద వేలు పెడితే హోరు మారుతోంది. అంటే వైరు పైపొర, అదే గ్రౌండు, ఎక్కడో తెగింది. మా ఊరి తేమకి అన్నీ పచ్చగా చిలుం పట్టి ఉంటాయి. కొస కొంచెం కోసి, గీకి, మళ్ళీ సోల్డర్ చేస్తే పోయింది.

"ఇంత కష్టం ఎందుకు, బ్లూటూత్ స్పీకరు కొనొచ్చు కదా" అనేవాళ్ళుంటారు, నాకు తెలుసు. మా ఆఫీసులోనే ఇద్దరన్నారు. బ్లూటూత్‌లో సుమారు సెకనులో ఐదో వంతు ఆలస్యం ఉండొచ్చు. ఆ సమయంలో గాల్లో శబ్దం దాదాపు 70 మీటర్లు పోతుంది. హాల్లో పెద్ద బాక్సులు, పక్కన ఇదీ కలిసి మోగితే, ఊరి రెండు చివర్లా మైకులు పెట్టిన గుడి దగ్గర నిలబడినట్టు ప్రతి మాటా రెండుసార్లు. ఇప్పటికే మాట తెలియని మనిషికి అది చేసే మేలేమీ లేదు. తీగలో ఆ బాధ లేదు.

స్పీకరుని కుర్చీ పక్క స్టూలు మీద, ఆయన చెవి ఎత్తులో పెట్టాను. క్యాసెట్టు పెట్టే ముందు లాప్‌టాప్‌లోంచి టోన్లు ఇచ్చి చూద్దామనిపించింది. స్పీకరు ఎంతవరకు పలుకుతుందో చూడ్డానికి అని చెప్పాను. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. 500, నాన్నగారు తలూపారు. 1000, తలూపారు. 2000, కాస్త ఆగి తలూపారు. 4000 పెట్టాను.

నా చెవిలో సూది దిగినట్టుంది. వంటింట్లోంచి అమ్మ అరిచింది. "ఆ కూత ఆపరా నాయనా, చెవులు పోతున్నాయి!"

నాన్నగారు నా వంక చూశారు. "ఏ కూత?"

నేను ఆపేశాను. ఎవరం ఏమీ మాట్లాడలేదు. అమ్మ గరిటె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, మా ఇద్దరినీ చూసి, ఏదో అనబోయి లోపలికెళ్ళిపోయింది. నాన్నగారు కాసేపు ఆ స్పీకరు వంకే చూశారు. తర్వాత తనే లేచి బీరువా తీసి, క్యాసెట్టు తెచ్చి డెక్‌లో పెట్టారు.

అత్త ప్రతి క్యాసెట్టూ ఒకేలా మొదలెడుతుంది. గొంతు సవరించుకుని, ఎవరో తిడతారన్నట్టు మెల్లగా. ఇందులో ఎండల గురించి చెప్పింది. పడుకోవడానికి మేడ మీద చిన్న గది ఇచ్చారంది. ఖుబ్బూస్ తినీ తినీ అన్నం మీదకి ప్రాణం పోతోందంది. కాలవలకి నీళ్ళు వదిలారా అని, కొబ్బరికాయ వెయ్యి ఎంత పలుకుతోందని అడిగింది. నాన్నగారు చెయ్యి పెట్టి స్పీకరు మీట కొంచెం పెంచారు, తర్వాత కొంచెం తగ్గించారు. పెద్ద బాక్సులు సున్నాలో ఉన్నాయి. వంటింట్లోకి ఏమీ వినపడట్లేదు కాబోలు, అమ్మ వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

"వెనక్కి తిప్పు" అన్నారు ఒకచోట. తిప్పాను. తిన్నావా అని ఎవరూ అడగరు తమ్ముడూ ఇక్కడ, అని అత్త అంటోంది. ఇంకోసారి తిప్పమన్నారు. మూడోసారి అడగలేదు.

ఒక పక్క అయిపోయి డెక్ టక్కుమని ఆగింది.

"అయితే క్యాసెట్టు బాగానే ఉందన్నమాట" అన్నారు.

"ఆ, బాగానే ఉంది నాన్నా."

అంతే. రాజమండ్రిలో చెవి డాక్టరుని చూద్దాం అని నేను అంతకుముందు రెండుసార్లు ఎత్తితే, "చెవిలో బఠాణీ గింజ పెట్టుకుని తిరగమంటావా" అని కొట్టిపారేశారు. ఆ రోజు మళ్ళీ ఎత్తలేదు. రాత్రి భోజనాల దగ్గర ఆయనే "ఆ మిషన్లు రెండు చెవులకీ పెట్టుకోవాలా, ఒకదానికి చాలా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపు "ఊరికే అడిగాలే" అని పెరుగు కలుపుకున్నారు. నేను చేసిన టోన్ల పరీక్ష పరీక్షే కాదు, అసలు ఆడియోగ్రామ్ తీయించాలి. చేయాల్సింది అది. ఈ స్పీకరు దానికి బదులు కాదు. స్పీకరు కుర్చీ పక్కనే ఉంటుంది, మనిషి పెరట్లోకీ బజారుకీ తిరుగుతుంటాడు కదా.

మర్నాడు సాయంత్రం బయల్దేరాను. మా కోనసీమకి కోటిపల్లి-నరసాపురం లైను ఇంకా పూర్తికాలేదు కాబట్టి, గౌతమి ఎక్కాలంటే రాజమండ్రి దాకా బస్సే గతి. నాన్నగారు బస్టాండుకి బండి మీద దింపారు. అమ్మ ఇచ్చిన పచ్చడి సీసాలు, పూతరేకుల డబ్బా అన్నీ సర్దుకున్నాక, ఆయన బండి డిక్కీలోంచి పేపరులో చుట్టిన పొట్లం తీసి చేతిలో పెట్టారు. విప్పి చూస్తే నేను కాల్చిన ఎడమ స్పీకరు.

"ఇది కూడా బాగు చేయించుకురా సంక్రాంతికి. ఒక పక్కే వింటుంటే బాగోలేదు" అన్నారు.

పచ్చళ్ళ సంచిలోనే దూర్చాను. ఈ శనివారం గుజరాతీ గల్లీకి వెళ్ళాలి. మూడు అంగుళాలది, 4 ఓమ్‌లది, దొరుకుతుందేమో చూడాలి.